అంబలి పోసి నిలుపుకున్న డాక్టరమ్మ

మా ఆసుపత్రికి పెద్ద దిక్కు, అరకు కొండల్లో ఎన్నో గూడేలకు ఆరాధ్యురాలు, నాకు వృత్తి నేర్పిన గురువు, డాక్టర్ ఎస్తేరురాణి గారు ఇక లేరు. వానాకాలపు ముసురు పట్టిన ఒక ఉదయం, తాను ఏళ్ళ తరబడి రోగులను పరామర్శించిన ఆ పెంకుల కప్పు కిందనే, ఊపిరితిత్తుల జబ్బుతో ప్రశాంతంగా కన్నుమూశారు. ఆయా బుదురమ్మ ల్యాబ్ గుమ్మంలోకి వచ్చి ఆ మాట చెప్పినప్పుడు నేను నమ్మలేదు. వెళ్ళి ఇంకోసారి చూసి రమ్మని వెనక్కి పంపాను. ల్యాబ్ మనిషిని కదా, ఏ రిపోర్టునైనా రెండోసారి చూడందే సంతకం పెట్టను. బుదురమ్మ వెళ్ళి, చూసి, తిరిగొచ్చి నా పక్కన నేల మీద కూర్చుంది. అప్పుడు నమ్మాను.

ఆవిడ గురించి నాలుగు మాటలు రాయమని మా సంఘ పత్రిక వారు అడిగారు. రాయడానికి కూర్చుంటే దుఃఖం రావలసిన చోట నవ్వు వస్తోంది. తప్పు నాది కాదు. సంతాప సభల్లో ఆవిడ పక్కన కూర్చోవడమే పెద్ద పరీక్షగా ఉండేది. మా పాత సూపరింటెండెంటు గారు పోయినప్పుడు, ఒక పెద్దాయన మైకు పట్టుకుని, ఆ మహానుభావుడు జీవితంలో ఎవరినీ పరుషంగా పలకరించి ఎరుగడని గద్గద స్వరంతో చెబుతున్నాడు. మా మేడమ్ నా చెవి దగ్గరికి వంగి, "మరి వారం వారం నన్ను తిట్టిన ఆయనెవరు సత్యం?" అంది. నేను నవ్వు ఆపుకోలేక బయటికి పరుగెత్తాను. పాపం, ఏడుపు ఆపుకోలేక వెళ్ళాననుకుని అందరూ నన్ను ఓదార్చారు. కాబట్టి ఆవిడ ఎప్పుడూ కోప్పడలేదని నేను రాయను. కోప్పడేది. కోప్పడిన పది నిమిషాలకు కాఫీ పంపేది.

ఆవిడ భీమిలి మనిషి. విశాఖపట్నంలో వైద్యం చదివింది. తొంభైల మొదట్లో ఇక్కడి డాక్టరు సెలవు మీద వెళితే, ఒక్క చలికాలం చూసుకోవడానికని ఒక ట్రంకు పెట్టెతో కొండ ఎక్కింది. నేను చోడవరం నుంచి అనుభవం సర్టిఫికెట్ కోసం ఆరు నెలలకని వచ్చాను. ఆ డాక్టరు తిరిగి రాలేదు, మేమిద్దరం తిరిగి వెళ్ళలేదు. మా ల్యాబ్ అంతకుముందు కాఫీ గింజలు నిల్వచేసే గది. ఇప్పటికీ తడి రోజుల్లో గోడల్లోంచి ఆ వాసన వస్తుంది. శుక్రవారం సంత రోజు జీపుల పైకప్పుల మీద కూడా జనం కూర్చుని దిగేవారు. అల్లం అమ్ముకుని, ఉప్పూ ఎండుచేపలూ కొనుక్కుని, అదే చేత్తో పిల్లవాడి దగ్గు చూపించుకుని వెళ్ళేవారు. మేడమ్‌కు ఆ రోజంటే పండగ.

మొదట్లో ఆవిడ భీమిలి తెలుగు ఇక్కడి వాళ్ళకు సగమే అందేది. ఒడియా కలిసిన ఇక్కడి మాట ఆవిడకు అసలే అందేది కాదు. మధ్యలో దుబాసీ బుదురమ్మ. పక్క గూడెం మనిషి. చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతూనే ప్రపంచంలో ఏ విషయం మీదైనా తీర్పు చెప్పగలదు. మేడమ్ ఒకావిడకు బిడ్డకు పాలివ్వడం గురించి, నీళ్ళు కాచడం గురించి, ఎండలో పడుకోబెట్టడం గురించి అయిదు నిమిషాలు ప్రేమగా వివరించింది. బుదురమ్మ ఆమె వైపు తిరిగి రెండు ముక్కలన్నది. ఆమె తల ఊపి వెళ్ళిపోయింది. అంత ప్రసంగాన్ని ఎలా కుదించావని మేడమ్ అడిగితే, బుద్ధిగా ఉండమన్నానని చెప్పింది. ఆ రాత్రికే మేడమ్ కొండ మాట నేర్చుకోవడం మొదలుపెట్టింది. ప్రతి వారం బుదురమ్మ నోరు తెరిపించి, అంగిట్లో పుండేమైనా పడిందా అని టార్చి వేసి చూడటం కూడా అప్పుడే మొదలైంది. అడ్డపొగ మానమని ఈవిడ, మాననని ఆవిడ. వాళ్ళ స్నేహం అలా తిట్టుకుంటూ పెరిగింది.

ఇనుము బిళ్ళల సంగతి ఇక్కడే చెప్పాలి, లేకపోతే తర్వాత కథ అర్థం కాదు. మా వైపు ఆడవాళ్ళలో చాలామందికి ఒంట్లో రక్తం తక్కువ. మెట్ట ఎక్కితే కాళ్ళు తూలుతాయి, కళ్ళు తిరుగుతాయి. మేడమ్ సంచుల కొద్దీ ఇనుము బిళ్ళలు పంచేది. వాళ్ళు చేతిలో పుచ్చుకునేవారు, దండం పెట్టేవారు, మా కంచె దాటగానే పొదల్లోకి విసిరేసేవారు. చేదనీ, కడుపు నల్లబడుతుందనీ వాళ్ళ ఫిర్యాదు. ఈ తిరుగుబాటుకు నాయకురాలు సాక్షాత్తూ మా బుదురమ్మే. మేడమ్ ఒక ఉపాయం కనిపెట్టింది. ఎదురుగా మింగించాలి, మింగిన వెంటనే వాళ్ళ ఆవు పేరు అడగాలి. బిళ్ళ దవడలో దాచుకున్న మనిషి మాట్లాడలేదు, ఆవు పేరంటే మాట్లాడకుండా ఉండలేదు. దెబ్బకు సగం మంది దొరికిపోయారు. సంత రోజు మా వరండాలో ఎర్రావు, చుక్కావు, గౌరి, కోటిముత్తెం అంటూ ఆవుల హాజరు పిలిచినట్టుండేది. కొన్నాళ్ళకు ఆ ఆటే అలవాటై, మింగడమే నయమని అందరూ మింగడం మొదలుపెట్టారు.

ఇలా నడుస్తుండగా ఒకనాడు మేడమ్ కొండ దారిలో ఎడమ కాలు ఈడుస్తూ వచ్చింది. చెప్పు తెగిందనుకున్నాం. వారంలోపే ఒక కన్ను మసకబారింది, ఎరుపు రంగు వెలిసినట్టు కనబడుతోందంది. విశాఖ వెళ్ళి నిపుణులకు చూపించుకుంది. మెదడుకు స్కానింగు తీశారు, వెన్నులో నీరు పరీక్షించారు. మల్టిపుల్ స్క్లెరోసిస్ అని తేల్చారు. స్టెరాయిడ్ ఇంజెక్షన్లతో చూపు తిరిగొచ్చింది, కాలు మాత్రం పూర్తిగా తిరిగి రాలేదు. చేతికర్రతో బస్సు దిగి, వరండాలో మమ్మల్నందరినీ కూర్చోబెట్టి ఆవిడే పాఠం చెప్పింది. నరాలకు పైన ఒక తొడుగు ఉంటుంది, కరెంటు వైరుకున్నట్టు. ఒంట్లో మనల్ని కాపాడాల్సిన కణాలే ఎలుకల్లా దాన్ని కొరుకుతాయి. కొరికిన చోటల్లా కబురు ఆగిపోతుంది. కొన్నాళ్ళు ఊరుకుంటాయి, మళ్ళీ మొదలెడతాయి. ఎప్పుడు మొదలెడతాయో ఎవరూ చెప్పలేరు. ఇంతా చెప్పి, వచ్చే వారం టీకాల క్యాంపుకు మంచుపెట్టెలు సిద్ధమా అని అడిగింది. మాకు నోట మాట రాలేదు.

బుదురమ్మకు వచ్చింది. ఎలుకలూ లేవు, వైర్లూ లేవు, డాక్టరమ్మకు రక్తం లేదు, అంతే అని అక్కడికక్కడే తేల్చేసింది. ఇది నరం జబ్బని మేడమ్ ఎంత చెప్పినా తల అడ్డంగా ఊపింది. నిజానికి అందులో కాస్త నిజం లేకపోలేదు. మేడమ్‌కు కూడా కొద్దిగా రక్తహీనత ఉండేది. ఊరందరికీ బిళ్ళలు మింగించిన మనిషి, తాను మాత్రం కడుపులో వికారమని వంక పెట్టి మింగేది కాదు. ఆవిడకు ఆవు లేదు కాబట్టి పేరు అడిగేవాళ్ళూ లేరు.

కబురు తెలిసి అన్నగారు ప్రకాశరావు గారు జీపు మాట్లాడుకుని భీమిలి నుంచి వచ్చారు. హైస్కూలు మాస్టారు, మితభాషి, చెల్లెలంటే ప్రాణం. పెద్దాసుపత్రి అందుబాటులో లేని చోట ఈ జబ్బుతో ఒంటరిగా ఎలా ఉంటావని ఆయన బాధ. అన్యాయమైన బాధ కాదది. ఈవిడ రెండు పూటలు వాదించి, మూడో పూట ఆయనకు వలిసె పూల తోటలు చూపించి, ఖాళీ జీపులో పంపేసింది. ఖాళీ అంటే మనిషి లేకుండా అని. గుమ్మడికాయలకూ అల్లం బుట్టలకూ లోటు లేదు. మా ఆడవాళ్ళు ఎవరినీ వట్టి చేతులతో కొండ దించరు.

రెండువేల సంవత్సరం దాటాక నగరంలో ఒక ఆసుపత్రి వారు తమ పాత రక్త పరీక్ష యంత్రాన్ని మాకు ఇచ్చారు. మేడమ్ చిన్నపిల్లలా మురిసిపోయింది. ఎర్ర కణాల సంఖ్య, వాటి సగటు సైజు, ఆ సైజుల్లో హెచ్చుతగ్గులు ఎంత, అన్నీ కాగితం మీద వచ్చేవి. ఈ హెచ్చుతగ్గుల అంకె ఏమిటని అడిగిన నన్ను సంతకు తీసుకెళ్ళి బంగాళాదుంపల కుప్పల ముందు నిలబెట్టింది. ఈ కుప్పలో అన్నీ ఒకే సైజు, పక్క కుప్పలో నిమ్మకాయంతవీ కొబ్బరికాయంతవీ కలిసి ఉన్నాయి, ఆ రెండో రైతు పొలంలో ఏదో జరిగింది, ఏం జరిగిందో కుప్ప చెప్పదు, జరిగిందని మాత్రం చెబుతుంది అంది. రక్తం కూడా అంతేనట. ఇంత చక్కగా ఎవరైనా చెప్పి ఉంటే నేను పరీక్షలో తప్పేవాణ్ణి కాదు.

అప్పటినుంచి నెలకొకసారి, సంత జనం దిగకముందు, మేడమ్ తన రక్తం తీయించుకుని ఆ అంకె చూసుకునేది. తన జబ్బు మెదడులో, వెన్నులో ఉంటుంది, అక్కడికి మన చేయి పోదు. కానీ ఒంట్లో మంట రగిలితే ఎర్ర కణాల తయారీ మీద కూడా దాని సెగ తగులుతుందేమో, ఆ హెచ్చుతగ్గులు ముందే ఆనవాలు ఇస్తాయేమో అని ఆవిడ ఊహ. అలా ఆలోచించే వైద్యులు ఇంకా ఉన్నారని, తేలవలసినది చాలా ఉందని తానే చెప్పేది. ఆ ఏడు చలికాలంలో అంకె పెరిగింది. నెల తిరక్కుండా రెండోసారి జబ్బు తిరగబెట్టింది, ఈసారి రెండు కాళ్ళకూ. కొన్ని నెలలు విశాఖలో మంచం మీద ఉంది. ఒక్క మనిషి రక్తంతో, ఒక్కసారి జరిగినదానితో సూత్రం కట్టకూడదని నాకు చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పిన మనిషే, తన దాకా వచ్చేసరికి కట్టేసింది. భయం డాక్టర్లనూ వదలదు.

కర్ర మీద ఆని తిరిగొచ్చినప్పుడు వెంట అన్నగారి జీపే వచ్చింది. ఆయన ఇక ఊరుకోలేదు. మా ఎదుటే మాట తీసుకున్నారు. ఆవిడ కూడా నిజాయితీగానే ఇచ్చింది. మూడోసారి తిరగబెడితే ఎవరికో ఒకరికి భారమవుతాను, అప్పుడు నువ్వు పిలవకముందే నేనే కబురు పెడతాను, ఒక్క మాట ఎదురు చెప్పకుండా జీపెక్కుతాను అంది. ఎస్తేరురాణి గారు మాటిచ్చిందంటే తప్పదు. అందుకే మాకు గుండెల్లో రాయి పడింది. ఆవిడ తర్వాత ఈ కొండకు డాక్టరు ఎవరొస్తారో, అసలు వస్తారో రారో మాకు తెలుసు.

మరుసటి ఏడు, వలిసెలు పూసే రోజుల్లో, మళ్ళీ ఆ అంకె పెరిగింది. ఇదివరకెన్నడూ లేనంత పెరిగింది. యంత్రం తప్పు చెప్పిందేమోనని నా రక్తం పెట్టి చూశాను, నాది మామూలుగానే వచ్చింది. మేడమ్ కాగితం చేతికి తీసుకుంది. చలికి నాలుగు రోజులుగా కాళ్ళు బరువెక్కుతున్నాయని అప్పుడు చెప్పింది. హిమోగ్లోబిన్ కూడా పెరిగిందని అదే కాగితం మీద పై వరసలో ఉంది. ఇద్దరమూ దాన్ని చూడలేదు. భయపడిన కంటికి ఒక్క అంకే కనిపిస్తుంది కాబోలు. "మంచాన పడ్డాక మోసుకెళ్ళే కంటే నడిచి జీపెక్కడం మర్యాద సత్యం" అని, అరకులో టెలిఫోన్ బూత్‌కు నన్ను పంపి అన్నగారికి కబురు పెట్టించింది.

అన్నగారు వచ్చిన రోజు కూడా శుక్రవారమే. ట్రంకు పెట్టె జీపులో కట్టేశారు. గూడేల నుంచి వచ్చిన ఆడవాళ్ళు సంతకు పోకుండా మా వరండాలో బారులు తీరి కూర్చున్నారు. ఎవరూ ఏడవలేదు, అదే భరించలేకపోయాను. మేడమ్ మంచం మంచం దగ్గరికీ వెళ్ళి చెప్పవలసిన జాగ్రత్తలు చెప్పి, చివరగా ల్యాబ్‌లోకి వచ్చింది. కరెంటు లేదు. యంత్రం మూగపోయి ఉంది. కిటికీ దగ్గర మా పాత మైక్రోస్కోపు, అద్దంతో ఎండను పట్టి చూసేది, గుడ్డ కప్పుకుని ఉంది. యంత్రం వచ్చాక దాన్ని మేము కాస్త చిన్నచూపు చూశాం. పోయేముందు దీనికి దండం పెట్టుకుంటాను, నా రక్తమే ఒక గాజు పలక మీద పూసి రంగు వేసి ఇవ్వు అంది. మరోసారి చూద్దామని నిన్న తీసిన రక్తం ఉంది. ఇచ్చాను. స్టూలు మీద కూర్చుని, అద్దం తిప్పుకుని, చూడటం మొదలెట్టింది.

ఎంతసేపటికీ తల ఎత్తలేదు. ఏడుస్తోందేమోనని నేను గోడవైపు తిరిగాను. తర్వాత వెనకనుంచి కిసుక్కుమని శబ్దం వచ్చింది. తిరిగి చూస్తే భుజాలు ఊగిపోతున్నాయి, నోటికి చీర కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. నన్ను పిలిచి చూడమంది. పాత చిన్న పాలిపోయిన కణాల మధ్య, కాస్త పెద్దవి, లేత నీలం జీర ఉన్నవి ఎక్కడపడితే అక్కడ కనిపించాయి. "ఇవి పసివాళ్ళు సత్యం. ఎముకలోంచి ఇప్పుడిప్పుడే బయటికొచ్చినవాళ్ళు. పాత చిన్న దుంపల కుప్పలో ఎవరో కొత్త పంట తెచ్చి పోశారు. పొలం పాడైతేనే కాదు, బాగుపడుతున్నా కుప్పలో హెచ్చుతగ్గులుంటాయి కదా." గొంతు తగ్గించి అంది. "నేను ఇనుము మింగలేదు. మరి నాకు ఎవరు మింగిస్తున్నారు?"

ఇద్దరమూ ఒకేసారి గుమ్మం వైపు చూశాం. బుదురమ్మ చేతిలో చోడి అంబలి చెంబుతో నిలబడి ఉంది, ప్రయాణానికి ముందు తాగించడానికి. అది కొన్ని వారాలుగా రోజూ పొద్దున్నే జరుగుతున్న సేవే. చోళ్ళంటే రాగులే, ఆ అంబలి నల్లగా ఉంటుంది, బెల్లం వేస్తే తియ్యగా ఉంటుంది, అందులో ఏం కలిపినా తెలియదు. కడుపులో తేడాను కూడా మేడమ్ ఆ అంబలి మీదకే తోసేసిందట, తర్వాత సిగ్గుపడుతూ చెప్పింది. మేడమ్ చూపు చూడగానే బుదురమ్మకు విషయం అర్థమైంది. దాచలేదు, తల కూడా దించలేదు.

"నానే నూరి కలిపినానమ్మా. నువ్వు మింగమంటే మింగవు. మా ఆడోళ్ళకి కాళ్ళు తూలితే రగతం లేదని బిళ్ళలిచ్చినావు. నీ కాళ్ళు తూలితే మాత్రం నరమంటావేటి? మాకో మందూ, నీకో మందూనా?"

డాక్టరు చదువు, కొండంత అనుభవం, నగరం నుంచి వచ్చిన యంత్రం, అన్నీ ఆ ప్రశ్న ముందు నోరెళ్ళబెట్టుకుని నిలబడ్డాయి. బుదురమ్మ చెప్పినది వైద్యశాస్త్రం ప్రకారం తప్పు. ఇనుముతో ఈ నరాల జబ్బు నయం కాదు. రోగికి చెప్పకుండా మందు కలపడం ఇంకా పెద్ద తప్పు, అది మేడమ్ తర్వాత గంటసేపు క్లాసు పీకి మరీ చెప్పింది. తాను కలిపిన బిళ్ళల వల్లే మేడమ్ కొండ దిగబోయిందని తెలిసి బుదురమ్మ అంబలి చెంబు కింద పెట్టేసింది. కానీ ఆ పూటకు మేడమ్ కర్ర అందుకుని, ఎవరి సాయమూ లేకుండా, వరండా మెట్లు దిగి జీపు దగ్గరికి వెళ్ళింది. ప్రకాశరావు గారు డ్రైవరు పక్కన ముందే కూర్చుని ఉన్నారు. ఆవిడ కిటికీ మీద చేయి వేసింది.

"అన్నయ్యా, మాట తప్పడం లేదు. మూడోసారి ఇంకా రాలేదు."

ఆయన చెల్లెలి ముఖంలోకి చూశారు. వెనక్కి తిరిగి ట్రంకు పెట్టె వైపు చూశారు. తర్వాత దిగి, మాస్టారు మాస్టారే కదా, విషయమంతా మొదటినుంచి చెప్పించుకుని, మైక్రోస్కోపులో తానే చూసి, ఏమీ అర్థం కాకపోయినా తల పంకించి, తాళ్ళు తానే విప్పారు. పెట్టె దిగిన చోటికి గుమ్మడికాయలు ఎక్కాయి. వరండాలో ఆడవాళ్ళు అప్పుడు ఏడ్చారు, వెంటనే నవ్వారు, ఆ సాయంత్రం దింసా ఆడారు. మేడమ్ ఆ వరసలో ఇద్దరి భుజాల మీద చేతులు వేసి నాలుగు అడుగులు వేసింది. కాలు సరిగ్గా పడని మనిషిని దింసా వరస మోసుకుపోతుందని అప్పుడే తెలిసింది నాకు. అంత ఆనందం ఆ ఆవరణలో నేను మళ్ళీ చూడలేదు.

ఆ తర్వాత మేడమ్ బిళ్ళ బహిరంగంగా మింగడం మొదలెట్టింది. బుదురమ్మ ఎదురుగా నిలబడి ఆవు పేరు చెప్పమనేది. నాకు ఆవు లేదే అని ఈవిడ. ఆ వాదన తెగక, గూడెం వాళ్ళు ఒక పెయ్యను తోలుకొచ్చి మా పెరట్లో కట్టేశారు. దానికి మేడమ్ 'మల్లి' అని పేరు పెట్టింది. ఆవిడ అంకె మెల్లగా సర్దుకుంది. నెలనెలా చూసుకోవడం మానలేదు గాని, ఆ కాగితం చూసి పెట్టె సర్దుకోవడం మానేసింది. "రక్తం అబద్ధం చెప్పదు సత్యం. అది సగం చెప్పగానే మనం లేచి పరిగెడతాం, అదీ గొడవ" అనేది. కొత్తగా వచ్చే నర్సులకు ఇప్పటికీ నేను ఆ మాటే చెబుతాను.

ఎర్ర కణాలకూ ఆ జబ్బుకూ ఉన్న సంబంధమేమిటో ఎంతోమంది రక్తాన్ని ఓపికగా చూసినవాళ్ళు తేల్చాలి, ఒక్క ఎస్తేరురాణి రక్తం చాలదని తన మీద తానే జోకు వేసుకునేది. తన ఊహ తప్పని ఒప్పుకోవడంలో ఆవిడకు ఉన్నంత సరదా, ఊహ నిజమైనప్పుడు కూడా నేను ఎవరిలోనూ చూడలేదు. విశాఖలో తనను చూసే నిపుణుడికి ఈ అంబలి కథ చెబితే, ఆయన కడుపుబ్బ నవ్వి, తన విద్యార్థులకు పాఠంగా చెబుతున్నానని మరుసటిసారి చెప్పాడట. ఆ గర్వంతో బుదురమ్మ వారం రోజులు నేల మీద నడవలేదు.

మూడోసారి కొన్నేళ్ళకు నిజంగానే వచ్చింది. ఏ అంకె పెరగకుండా, ఏ ఆనవాలూ ఇవ్వకుండా వచ్చింది. మేడమ్ మాట ప్రకారం తానే కబురు పెట్టింది. ప్రకాశరావు గారు జీపులో వచ్చారు. అప్పటికి ఆవిడ చక్రాల కుర్చీలో ఉంది. కుర్చీని వార్డులో తోసేందుకు ఆడవాళ్ళు వంతులు వేసుకుని దెబ్బలాడుకుంటున్నారు. ఒక బాలింత తన వంతు ఎవరో లాక్కున్నారని మేడమ్‌కే ఫిర్యాదు చేస్తోంది. ఆయన గుమ్మంలో నిలబడి అదంతా చూశారు. భారమవుతానని కదా నీ షరతు, ఇక్కడ భారం అనుకునే మనిషి ఒక్కరూ కనబడటం లేదని, అన్నం తిని, జీపెక్కి వెళ్ళిపోయారు. మాట నిలబెట్టుకోవడానికి ఆవిడ సిద్ధపడింది, ఆ మాటను వదిలిపెట్టింది ఆయన. ఆ పెద్దమనిషికి మా కొండ మొత్తం రుణపడి ఉంది.

ఆ కుర్చీలోంచే ఆవిడ చివరి ఏళ్ళలో కూడా ప్రసవాలు చేయించింది, పిల్లలకు పేర్లు పెట్టింది, నాకు పాఠాలు చెప్పింది. కుడిచేయి సరిగ్గా వంగకపోతే గుండె నా చెవితో వినేది, నేను విన్నది చెబితే జబ్బేమిటో తాను చెప్పేది. జబ్బు ఆవిడ నుంచి నడక తీసుకుంది, కొంత చూపు తీసుకుంది. నవ్వు జోలికి పోలేకపోయింది. కరుణ, విజ్ఞానం, హాస్యం ఒక్క మనిషిలో ఇంతగా ఒదిగి ఉండటం మళ్ళీ ఈ కొండలు చూస్తాయని నేను అనుకోను. ఆ స్థానం అలా ఖాళీగా ఉండిపోవలసిందే. గురువు గారి పాదాలకు నా నమస్కారం. ఇప్పుడు మా వార్డులో బిళ్ళ మింగిన ప్రతి ఆడమనిషినీ బుదురమ్మ ఆవు పేరు అడుగుతోంది. ఆవు లేనివాళ్ళు మల్లి అని చెబుతున్నారు.

సమాధుల తోట భీమిలిలో ఉంది, వాళ్ళ అమ్మానాన్నలు అక్కడే ఉన్నారు. అందుకని అన్నగారు ఆ రోజు జీపులో తెల్ల దుప్పటి పరిపించుకుని వచ్చారు. ఆయన వయసు ఇప్పుడు చాలా పెద్దది, చేయి పట్టుకుని దింపాల్సి వచ్చింది. ముసురులో తడుస్తూ గూడేల ఆడవాళ్ళంతా గుంపులుగా నిలబడి ఉన్నారు. ఎవరూ ఆయన దారికి అడ్డం రాలేదు. అన్నగారి హక్కు అందరికీ తెలుసు. బుదురమ్మ మాత్రం దగ్గరికి వెళ్ళి అడిగింది. "బేగి తీసుకెళ్ళిపోతావేటి బాబూ?"

ఆయన లోపలికి వెళ్ళి చెల్లెలి తల దగ్గర చాలాసేపు కూర్చున్నారు. బయటికొచ్చి, ఆసుపత్రి వెనక కాఫీ తోట అంచున ఒక చోటు చూపించి, ఇక్కడ తవ్వండి అన్నారు. సాయంత్రం ప్రార్థన అయ్యాక, మట్టి వేశాక, ఆయన జీపెక్కుతుంటే మా ఆడవాళ్ళు అలవాటు ప్రకారం ఆ తెల్ల దుప్పటి మీద గుమ్మడికాయలు పెట్టారు. వద్దని అనలేదాయన. ఒకదాన్ని ఒళ్ళో పెట్టుకున్నారు. ఘాట్ రోడ్డు మలుపు దాకా ఆ జీపును చూస్తూ మేమంతా నిలబడ్డాం. ఈసారీ డాక్టరమ్మ ఎక్కలేదు.